మావాడి హైస్కూల్ ఫుట్‌బాల్ టీమ్ ప్లేఆఫ్స్‌కి వచ్చింది, చేతిలో ఆరు రోజులే ఉన్నాయి

తెనాలి_టు_ఫ్రిస్కో | శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో పిల్లలు హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సలహా చెప్పండి. మన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్ పెట్టుకుని గుద్దుకునేది.

మావాడు పదకొండో క్లాసు. చిన్నప్పటి నుంచి సాకర్ ఆడేవాడు. తొమ్మిదో క్లాసులో కోచ్ చూసి కిక్కర్‌గా పెట్టుకున్నాడు. నిన్న రాత్రి ఆఖరి లీగ్ మ్యాచ్ గెలిచి, డిస్ట్రిక్ట్‌లో (ఒకరితో ఒకరు ఆడే కొన్ని స్కూళ్ల గ్రూపు) నాలుగో స్థానంతో బొటాబొటిగా ప్లేఆఫ్స్‌లో పడ్డారు. మాది 5ఎ, అంటే స్కూలు సైజును బట్టి పెట్టిన విభాగం. పక్క డిస్ట్రిక్ట్‌లో మొదటి స్థానం వచ్చినవాళ్లతో వచ్చే శుక్రవారం ఆట. ఎక్కడ ఆడాలన్న దానికి బొమ్మా బొరుసా వేస్తే అదీ ఓడిపోయాం. వాళ్ల స్టేడియానికే వెళ్లాలి, రెండు గంటల డ్రైవు.

అసలు బాధ ఇంకొకటి. నిన్న మూడో క్వార్టర్‌లో మా లాంగ్ స్నాపర్ తలకి దెబ్బ తగిలింది. తెలియనివాళ్లకి: కిక్ కొట్టేటప్పుడు ఒకడు వంగి కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి విసురుతాడు, ఏడు గజాల వెనక మోకాలి మీద కూర్చున్నవాడు (హోల్డర్) పట్టి నిలబెడతాడు, మావాడు వచ్చి తంతాడు. ఆ విసిరేవాడే లాంగ్ స్నాపర్. పన్నెండో క్లాసు పిల్లాడు, రెండేళ్లుగా వీడితోనే జోడీ. ఇప్పుడు ఆ స్థానంలో జేవీ (స్కూలు రెండో టీము) నుంచి పదో క్లాసు కుర్రాడిని తెస్తారట. మావాడికి టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

రేపు ఆదివారం పార్కుకి తీసుకెళ్లి ఓ వంద కిక్కులు కొట్టిద్దామనుకుంటున్నా. ఒక ప్రైవేట్ ట్రైనర్ కూడా దొరికాడు. చేయించమంటారా?

కరీంనగర్_పోరడు | శనివారం, రాత్రి 11:05

వంద కిక్కులా? అన్నా, దండం పెడతా, వద్దు. నేను హ్యూస్టన్ పక్కన రెండేళ్లు లెఫ్ట్ గార్డ్ ఆడాను. మా కిక్కర్ సరిగ్గా ఇదే పని చేసి ప్లేఆఫ్ రోజు తొడ పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. కిక్కర్ కాలు ఫాస్ట్ బౌలర్ భుజం లాంటిది, లెక్క ఉంటది. ఆగస్టు నుంచి తంతూనే ఉన్నాడు కదా. రేపు పాతిక చాలు, అందులో సగం దగ్గర నుంచే.

ట్రైనర్ సంగతి అసలే వద్దు. కొత్తవాడు వస్తే ఊరికే ఉంటాడా, తన ఫీజుకి న్యాయం చేయాలని స్టెప్పులు మారుస్తాడు. మూడు వెనక్కి, రెండు పక్కకి అని మూడేళ్లుగా కాలికి అలవాటైనదాన్ని ఆరు రోజుల ముందు మారుస్తారా ఎవరైనా? పరీక్ష ముందు రోజు కొత్త గైడు కొన్నట్టు ఉంటది.

బే_ఏరియా_బుజ్జి | శనివారం, రాత్రి 11:31

నేను వేరే మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. పదకొండో క్లాసంటే ఎస్ఏటీ (కాలేజీ ప్రవేశ పరీక్ష), ఏపీ (కాలేజీ స్థాయి) సబ్జెక్టులు, కాలేజీ అప్లికేషన్ల ముందు ఏడాది. అక్కడ ఒక పిల్లాడి తలకి దెబ్బ తగిలింది అంటున్నారు, మీరు చూస్తే ఆ స్థానంలో ఎవరు వస్తారని ఆలోచిస్తున్నారు. మన పిల్లలకి ఈ ఆట అవసరమా అని ఒక్కసారైనా అనిపించలేదా?

ఇక కిక్ గురించైతే అంత కంగారు అక్కర్లేదు. టచ్‌డౌన్ (బంతితో అవతలి గోల్ గీత దాటడం, ఆరు పాయింట్లు) తర్వాత కొట్టే ఎక్స్‌ట్రా పాయింట్‌లో స్నాప్ చెడి బంతి వాళ్ల చేతికి పోయినా, కిక్‌ని వాళ్లు అడ్డుకున్నా బంతి అక్కడితో డెడ్. పోయేది ఒక్క పాయింటే. మా పక్కింటి అబ్బాయి ఇక్కడ ఆడతాడు, వాడే చెప్పాడు.

లెక్కల_మేష్టారు | ఆదివారం, ఉదయం 7:15

బుజ్జి గారూ, మీ పక్కింటి అబ్బాయి చెప్పింది కాలిఫోర్నియాలో కరెక్టే. దాదాపు అన్ని రాష్ట్రాల హైస్కూళ్లూ జాతీయ హైస్కూల్ సమాఖ్య రూల్సుతో ఆడతాయి. టెక్సాస్ మాత్రం కొన్ని మార్పులతో కాలేజీ రూల్సు వాడుతుంది. ఇక్కడ ఎక్స్‌ట్రా పాయింట్ అడ్డుకుని, ఆ బంతి పట్టుకుని అవతలి గోల్ దాకా పరిగెత్తితే వాళ్లకి రెండు పాయింట్లు. ఫీల్డ్ గోల్ (ఆట మధ్యలో కొట్టే మూడు పాయింట్ల కిక్) పొట్టిగా పడినా అంతే, ఎండ్ జోన్‌లో (గోల్ గీత వెనక చోటు) పట్టుకుని పరిగెత్తుకు రావచ్చు. 2013లో ఆబర్న్, అలబామా కాలేజీ టీముల ఆటలో జరిగింది అదే. ఒక్క సెకను మిగిలి ఉండగా అలబామా 57 గజాల కిక్ కొట్టింది, పొట్టిగా పడింది, ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పరిగెత్తి ఆట గెలిపించాడు. అలబామా కిక్ టీములో ఉన్నవాళ్లంతా బరువైన లైన్‌మెన్, వాడిని పట్టుకునేవాడే లేడు. కాబట్టి కొత్త స్నాపర్ అన్నప్పుడు కోచ్‌లు ఊరికే కంగారుపడరు.

నేను ఇక్కడ ఒక హైస్కూల్లో ఆల్జీబ్రా చెబుతాను, తొమ్మిదో క్లాసు టీముకి సాయంగా కూడా ఉంటాను. తెనాలి గారూ, ఇవాళ ఆదివారం. యూఐఎల్ (టెక్సాస్ స్కూలు ఆటల సంస్థ) రూలు ప్రకారం ఆదివారం స్కూలు తరఫున ప్రాక్టీసు గానీ, ప్లేలు నేర్పడం గానీ నిషేధం. కోచ్‌లు వాళ్లలో వాళ్లు కూర్చుని అవతలి టీము వీడియోలు చూసుకుంటారు. పిల్లలు వాళ్లంతట వాళ్లు పార్కులో ఆడుకుంటే అభ్యంతరం లేదు. మీవాడిని, ఆ పదో క్లాసు కుర్రాడిని, హోల్డర్‌ని ముగ్గురినీ కలిపి ఓ గంట వదలండి. మీరు పక్కన ఫోన్ పట్టుకుని స్లో మోషన్ వీడియో తీయండి. నోరు మాత్రం తెరవకండి.

స్నాపర్ చేయి కదిలిన క్షణం నుంచి కాలు బంతికి తగిలేదాకా 1.3 సెకన్లు అయితే భేష్. 1.5 దాటితే అంచు నుంచి దూసుకొచ్చేవాడు చేతులు అడ్డం పెట్టేస్తాడు.

డాక్టర్_విజయ | ఆదివారం, ఉదయం 9:02

నేను ఫ్యామిలీ మెడిసిన్, హ్యూస్టన్. బుజ్జి గారి ప్రశ్నలో న్యాయం ఉంది, దాన్ని కొట్టిపారేయకండి.

దెబ్బ తగిలిన పిల్లాడి గురించి రెండు మాటలు. ఎవరూ అడగలేదు గానీ మంగళవారానికి ఎవరో ఒక పెద్దమనిషి "వాడు బాగానే ఉన్నాడుగా, ఆడించొచ్చుగా" అంటాడు, నాకు తెలుసు. టెక్సాస్‌లో 2011 నుంచి చట్టం ఉంది, నటాషా చట్టం అంటారు. ఆ అమ్మాయి ఫుట్‌బాల్ కాదు, సాకర్ ఆడేది. కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) అనుమానం వస్తే ఆ రోజు ఆటలోంచి తీసేయాలి. తర్వాత డాక్టర్ రాతపూర్వకంగా రాయాలి, తల్లిదండ్రులు సంతకం పెట్టాలి, ఆపైన మెట్లు మెట్లుగా తేవాలి. మొదట తేలిక నడక, సైకిలు. తర్వాత పరుగు. తర్వాత గుద్దుకోని ప్రాక్టీసు. ఆ తర్వాతే పూర్తి ప్రాక్టీసు. ఒక్కో మెట్టుకి కనీసం ఒక రోజు, మధ్యలో తలనొప్పి వస్తే ఒక మెట్టు వెనక్కి. శుక్రవారం తగిలిన దెబ్బకి వచ్చే శుక్రవారం ఆడే ప్రశ్నే లేదనుకుని ప్లాన్ చేసుకోండి.

లాంగ్ స్నాపర్ విషయంలో ఇంకా జాగ్రత్త. తల కిందికి పెట్టి, కాళ్ల మధ్య నుంచి చూస్తూ ఉంటాడు. బంతి వదిలాక ఒక సెకను దాకా వాడిని ముట్టుకోకూడదని రూలుంది గానీ, ఆ వెంటనే మీద పడతారు, వాడికి సరిగ్గా కనిపించదు.

పాతబస్తీ_బాబాయ్ | ఆదివారం, ఉదయం 9:40

హైదరాబాద్ నుంచి రిటైర్డ్ మనిషిని, మా అమ్మాయి ఇర్వింగ్‌లో ఉంటుంది. చేత్తో పట్టుకుని పరిగెత్తేదాన్ని ఫుట్‌బాల్ అని ఎందుకంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు గానీ, టీముని తయారుచేయడం అనేసరికి ఊరుకోలేక రాస్తున్నా.

మా సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కూడా స్కూల్ టీచరే. ఆయన చేతిలో మన దేశం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. ఆ టోర్నీలో జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని డిఫెన్స్‌లోంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టారు. తలకి కట్టుతోనే సెమీస్‌లో గోల్ కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. అలా ఉండేవాళ్లు అప్పట్లో!

డాక్టర్_విజయ | ఆదివారం, ఉదయం 9:58

బాబాయ్ గారూ, ఆ కథ మా నాన్నగారి నోట వినీ వినీ పెరిగాను. నాకూ గర్వమే. కానీ ఈ చర్చలో, ఈ వారంలో మాత్రం వద్దు. కుట్లు పడిన చర్మం వేరు, లోపల మెదడు కదలడం వేరు. 1962లో ఆ తేడా చూసే పద్ధతులు ఇప్పటంతగా లేవు.

పాతబస్తీ_బాబాయ్ | ఆదివారం, ఉదయం 10:10

సరే తల్లీ, ఒప్పుకున్నా. అయితే ఆ కథలో నేను చెప్పాలనుకున్నది తల సంగతి కాదు. ఒక మనిషి చోటు మారితే మిగతా పదిమంది చోట్లు ముందే సర్దిపెట్టుకున్నారు రహీం సాబ్. రాత్రికి రాత్రి చేసింది కాదది. తెనాలి బాబూ, మీ కోచ్ ఆ పదో క్లాసు కుర్రాడిని సీజన్ అంతా పక్కన నిలబెట్టి విసిరించే ఉంటాడు, అడిగి చూడు.

తెనాలి_టు_ఫ్రిస్కో | ఆదివారం, సాయంత్రం 6:20

పార్కు నుంచి ఇప్పుడే వచ్చాం. బాబాయ్ గారు చెప్పినట్టే, ఆ కుర్రాడు జేవీలో ఏడాదంతా స్నాపరేనట. ముగ్గురూ కలిసి చేయడమే కొత్త.

మేష్టారు చెప్పినట్టు నోరు మూసుకుని వీడియో తీశాను. మొదటి పది స్నాపులు చూస్తే నాకే చెమటలు పట్టాయి. ఒకటి హోల్డర్ తల మీదుగా పోయింది, రెండు నేలకి తగిలి దొర్లాయి. 1.7, 1.6. మావాడు ప్రతిసారీ ముందే బయల్దేరుతున్నాడు, బంతి ఇంకా నిలబడదు, మధ్యలో ఆగుతాడు, కాలు తడబడుతుంది. తర్వాత హోల్డర్ (వీడు మా రెండో క్వార్టర్‌బ్యాక్, మాటకారి) ఒక పని చేశాడు. స్నాపర్ దగ్గరకెళ్లి, "నువ్వు నా చేతికి వెయ్యి, గోల్ పోస్టు సంగతి మర్చిపో" అని చెప్పి, తన కుడి చెయ్యి తెరిచి నేలకి రెండడుగుల ఎత్తులో చూపించాడు. అక్కడి నుంచి కుదిరింది. ఆఖరి ఎనిమిదింట్లో ఆరు 1.4 లోపు.

వీడియో ఆపి చూస్తే ఇంకో సంగతి తెలిసింది. బంతి మీద కుట్లు ఉంటాయి కదా, అవి కిక్కర్ వైపు ఉండకూడదు, గోల్ పోస్టు వైపు తిరిగి ఉండాలి. పాత స్నాపర్ బంతి ఎన్ని చుట్లు తిరిగి చేతిలో పడుతుందో లెక్క కుదిరి, కుట్లు వాటంతటవే ముందుకు వచ్చేవి. వీడి బంతి పావు చుట్టు తక్కువ తిరుగుతోంది. హోల్డర్ నిలబెట్టేటప్పుడు వేళ్లతో తిప్పాలి, అక్కడే సెకనులో పది, పదిహేను వందో వంతులు పోతున్నాయి.

మొత్తం 28 కిక్కులు. పోరడు తమ్ముడూ, మూడు ఎక్కువయ్యాయి, తిట్టకు.

కరీంనగర్_పోరడు | ఆదివారం, రాత్రి 7:02

ఇంతకన్నా ఏం కావాలన్నా. ఆ కుట్ల వీడియో కోచ్‌కి పంపు. ఆ కుర్రాడు విసిరే ముందు బంతి పట్టుకునేటప్పుడే కుట్లు ఒక వేలెడు జరిపితే సరిపోతది, రేపే సర్దుకుంటది.

ఈ వారం ఎట్లుంటదో చెబుతా, మీకు అందాజు ఉంటది. సోమవారం అవతలివాళ్ల వీడియో. హడిల్ అనే వీడియో యాప్‌లో ప్రతి ప్లేకి గుర్తులు పెట్టి ఉంటయి: ఏ డౌను (పది గజాలు ముందుకెళ్లడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని గజాలు, ఎవరు ఎక్కడ నిలబడ్డారు. మా కోచ్ అయితే వాళ్ల వీడియో కంటే ముందు మా వీడియోనే మాకు చూపించేవాడు. "వాళ్లు మనల్ని చూసి ఏం కనిపెడతారు?" అనేవాడు. ఒకసారి నా గురించే బయటపడింది. పాస్ ప్లే అయితే నా మడమ మీద బరువు పెట్టి కూర్చుంటున్నా, రన్ అయితే వేళ్ల మీద. చేతి వేళ్లు నేలకి నొక్కితే గోళ్లు తెల్లబడేవి. అవతలి లైన్‌బ్యాకర్ అది చూసి ప్లే చెప్పేస్తున్నాడు! తొమ్మిది మ్యాచులు అలాగే ఆడాను. ఆ వారం నాకు కొత్త ప్లే ఒక్కటీ నేర్పలేదు, ఒకేలా కూర్చోవడం నేర్పారు.

మంగళ, బుధ గట్టి ప్రాక్టీసు. అది కూడా పూర్తిగా గుద్దుకునేది ఒక్కొక్కరికి వారానికి 90 నిమిషాలే, రూలు. జేవీ సీజన్ అయిపోయింది కాబట్టి ఆ పోరగాళ్లంతా అవతలి టీము వేషం వేస్తారు. గురువారం హెల్మెట్లతో నడిచి చూసుకోవడమే.

లెక్కల_మేష్టారు | ఆదివారం, రాత్రి 8:30

పోరడు చెప్పని ముఖ్యమైనది ఒకటుంది, అది నా డిపార్ట్‌మెంట్. మార్కులు.

ఇక్కడ "నో పాస్ నో ప్లే" అని 1984 నుంచి చట్టం. వ్యాపారవేత్త రాస్ పెరో కమిటీ సిఫార్సుల మీద వచ్చింది. గ్రేడింగ్ పీరియడ్ చివర ఏ ఒక్క సబ్జెక్టులో 70కి తగ్గినా మూడు వారాలు ఆట బంద్. ప్రాక్టీసు చేయొచ్చు, మ్యాచ్ ఆడకూడదు. దీన్ని తెచ్చిన గవర్నర్ మార్క్ వైట్ 1986లో ఓడిపోయారు, కోచ్‌ల కోపం కూడా ఒక కారణమని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏపీ లాంటి కొన్ని కోర్సులకి స్కూల్ డిస్ట్రిక్టులు మినహాయింపు ఇస్తాయి. మనవాళ్లు దాన్ని నమ్ముకుని కూర్చుంటారు, ఆర్ట్‌లోనో హెల్త్‌లోనో ప్రాజెక్టు ఇవ్వడం మర్చిపోయి 66 తెచ్చుకుంటారు. నేను ఒక ఏడాది చూశాను. ప్లేఆఫ్ వారం మంచి రన్నింగ్ బ్యాక్ కెమిస్ట్రీలో 68తో దొరికిపోయాడు. పాపం, ఒక ల్యాబ్ రిపోర్టు ఇవ్వలేదు, అంతే. కోచ్ వచ్చి ఆ టీచర్‌ని బతిమాలలేదు, అది ఆయన గొప్పతనం.

బుజ్జి గారూ, మీ మొదటి ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నా క్లాసులో సీజన్ నడిచినన్నాళ్లు సరిగ్గా హోమ్‌వర్క్ ఇచ్చి, సీజన్ అయిపోగానే చల్లబడేవాళ్లు చాలామంది. తలకి దెబ్బల భయం మాత్రం నాకూ ఉంది. మా అబ్బాయిని టెన్నిస్‌లో వేశాను.

బే_ఏరియా_బుజ్జి | ఆదివారం, రాత్రి 8:51

ఆఖరి వాక్యం దగ్గర నవ్వాగలేదు మేష్టారూ. నిజం చెప్పినందుకు థ్యాంక్స్. రూలు విషయంలో నాదే పొరపాటు.

డ్రమ్‌లైన్_అమ్మ | సోమవారం, ఉదయం 8:10

అన్నయ్యగారూ, నాలుగో స్థానం, రెండు గంటల డ్రైవు, కంకషన్ అయిన స్నాపర్... మనది ఒకటే స్కూలు! మావాడు బ్యాండ్‌లో స్నేర్ డ్రమ్. ఫుట్‌బాల్ వాళ్లకి ప్లేఆఫ్ అంటే మాకూ ప్లేఆఫే, ఆగస్టు నుంచి ఒక్క శుక్రవారం కూడా ఇంట్లో లేను.

గురువారం టీమ్ డిన్నర్‌కి ఈసారి బూస్టర్ క్లబ్ (టీముకి సాయపడే తల్లిదండ్రుల సంఘం) వాళ్లు ఒక ఐటమ్ నన్ను అడిగారు. ఎప్పుడూ స్పగెట్టియేనా అని పులిహోర ఒప్పుకున్నాను. తొంభై మంది. ఇప్పుడు రెండు సందేహాలు. ఒకటి, పల్లీలు వేయొచ్చా? రెండు, కార్తీకమాసం అని ఇంట్లో మాంసం ముట్టని పిల్లలుంటే ప్రోటీన్ ఏం పెట్టాలి?

డాక్టర్_విజయ | సోమవారం, మధ్యాహ్నం 12:25

పల్లీలు వద్దు, జీడిపప్పూ వద్దు. తొంభై మందిలో ఒక్కరికి ఎలర్జీ ఉన్నా చాలు. పోపు ఏ నూనెతో పెట్టారో కూడా గిన్నె మీద రాసి అంటించండి. శనగపప్పు, మినప్పప్పు కరకరలాడేలా వేయించి వేస్తే పల్లీ లోటు తెలియదు. పచ్చిమిరప సగానికి తగ్గించండి, మన పిల్లల కోసం కాదు, మిగతా ఎనభై మంది కోసం.

ప్రోటీన్‌కి కంగారేం లేదు. పెసరట్టు, పనీర్, గట్టి పెరుగు, పప్పు. వారం రోజుల్లో కండలేమీ పెరగవు, తరగవు. ఈ వారంలో నిజంగా పనికొచ్చేది నిద్ర. ఈ వయసు పిల్లలకి 8 నుంచి 10 గంటలు కావాలి. తెనాలి గారూ, మీవాడి ఫోన్ రాత్రి పదింటికి హాల్లో చార్జింగ్ పెట్టించండి. ఆట రోజు మధ్యాహ్నం మూడున్నరకి తినేయాలి, నెయ్యి, వేపుళ్లు లేకుండా. అలవాటు లేని ఎనర్జీ డ్రింకులు అసలు వద్దు.

తెనాలి_టు_ఫ్రిస్కో | మంగళవారం, రాత్రి 9:45

డాక్టర్ గారి నోట్లో ఏముందో గానీ, సరిగ్గా ఇవాళే ఒక పెద్దమనిషి పార్కింగ్ లాట్‌లో అన్నాడు: "వాడు క్లాసుకొస్తున్నాడు, నవ్వుతున్నాడు, ఒక్క కిక్కులకైనా దింపొచ్చుగా." ఆ మాట వినగానే స్కూల్లో గాయాలు చూసే అథ్లెటిక్ ట్రైనర్ మాట్లాడకుండా ఆయన వైపు ఒక్క చూపు చూసింది. అయిదడుగులు కూడా ఉండదామె. పెద్దమనిషి కారెక్కేశాడు.

సిగ్గుతో చెబుతున్నా, శనివారం రాత్రి నా మనసులోనూ ఆ మాటే ఉంది. ఇక్కడ రాయలేదు అంతే.

ఇవాళ ప్రాక్టీసులో బంతిని నీళ్ల బకెట్లో ముంచి స్నాప్ చేయించారట, శుక్రవారం తుంపర పడొచ్చని. పెద్ద స్పీకర్లు పెట్టి అరుపుల రికార్డింగు కూడా వేశారు. కిక్‌కి ముందు కోచ్ పదే పదే ఈల ఊది ఆపేస్తున్నాడట. నిజం ఆటలో అవతలివాళ్లు సరిగ్గా ఆ క్షణానికి టైమ్ అవుట్ అడిగి కిక్కర్‌ని ఆలోచనలో పడేస్తారు కదా, దానికి అలవాటు పడాలని. మావాడు ఆ ఖాళీలో ఏం చేస్తున్నావంటే, "ఎక్కాలు" అన్నాడు. పదమూడో ఎక్కం. మా నాన్న నేర్పించాడు చిన్నప్పుడు.

లెక్కల_మేష్టారు | మంగళవారం, రాత్రి 10:01

పదమూడో ఎక్కం! నా జన్మ ధన్యం.

తెనాలి_టు_ఫ్రిస్కో | శుక్రవారం, రాత్రి 11:52

కారులోంచి రాస్తున్నా, మా ఆవిడ నడుపుతోంది. 28-24. ఓడిపోయాం.

మొదటి ఎక్స్‌ట్రా పాయింట్‌కి స్నాప్ మోకాలి కింద పడింది. హోల్డర్ తీసి నిలబెట్టాడు, ఎలా నిలబెట్టాడో వాడికే తెలియాలి, వెళ్లిపోయింది. తర్వాత రెండూ శుభ్రంగా పడ్డాయి. హాఫ్ టైముకి ముందు 31 గజాల ఫీల్డ్ గోల్. వాళ్లు టైమ్ అవుట్ అడిగారు. మావాడి పెదాలు కదలడం బైనాక్యులర్స్‌లో చూశాను. నాలుగుకి నాలుగు.

ఆఖర్లో నిమిషం నలభై సెకన్లు ఉండగా వాళ్ల 19 గజాల గీత దగ్గర ఫోర్త్ డౌన్, ఇంకా ఆరు గజాలు కావాలి. నాలుగు పాయింట్లు వెనక ఉన్నాం, ఫీల్డ్ గోల్ మూడే. వారమంతా ఆ కిక్ కోసం ఇంత చేశాం, చివరికి అదే పనికిరాని చోటికి వచ్చింది ఆట. మావాడు హెల్మెట్ పెట్టుకుని కోచ్ పక్కన నిలబడ్డాడు, అలవాటు కొద్దీ. పాస్ వేశారు. రిసీవర్ వేళ్లకి తగిలి పడిపోయింది.

పాత స్నాపర్ ఆటంతా సైడ్‌లైన్ దగ్గరే ఉన్నాడు. హుడీ మీద జెర్సీ వేసుకుని, పొడి తువ్వాలు పట్టుకుని. ప్రతి కిక్‌కి ముందు ఆ చిన్నవాడి చేతులు తుడిచి పంపాడు. పన్నెండో క్లాసు కాబట్టి వాడి ఆఖరి ఆట పోయిన వారమే అయిపోయింది. అది ఆఖరిదని అప్పుడు తెలియదు.

కరీంనగర్_పోరడు | శనివారం, ఉదయం 9:20

ఒకటో నంబర్ టీముతో వాళ్ల గడ్డ మీద నాలుగు పాయింట్ల తేడా అంటే మాటలా అన్నా. నాలుగుకి నాలుగు కొట్టిన పోరనికి నా తరఫున ఒక బిర్యానీ. కార్తీకం అయినంకనే.

పాతబస్తీ_బాబాయ్ | శనివారం, ఉదయం 9:55

ఫోర్త్ డౌన్‌లో అక్కడ పాస్ వేయడం రైటేనా? నాకు రూల్సు రావు గానీ, రాత్రంతా అదే ఆలోచిస్తున్నా.

లెక్కల_మేష్టారు | శనివారం, ఉదయం 10:12

రైటే బాబాయ్ గారూ. కిక్ కొడితే ఒక పాయింట్ వెనక ఉంటారు, బంతి అవతలివాళ్ల చేతికి పోతుంది. నిమిషం నలభైలో మళ్లీ రావడం కష్టం. నేనైనా పాసే వేయించేవాడిని. ఏ పాస్ అన్న దగ్గర మాత్రం మనం కూర్చుని మాట్లాడుకోవచ్చు.

తెనాలి_టు_ఫ్రిస్కో | సోమవారం, సాయంత్రం 5:30

ఇవాళ సామాన్లు అప్పజెప్పే రోజు. హెల్మెట్, షోల్డర్ ప్యాడ్లు, నడుము ప్యాడ్లు అన్నీ లెక్కపెట్టి తీసుకుని సంతకం పెట్టించుకున్నారు. పన్నెండో క్లాసు పిల్లలు కొందరు హెల్మెట్ ఇవ్వడానికి లైన్లో చివరికి వెళ్లి, మళ్లీ మళ్లీ చివరికే వెళ్తున్నారట. మావాడు ఇంటికొచ్చి తిని పడుకున్నాడు. బుధవారం సాకర్ మొదలు.

డ్రమ్‌లైన్_అమ్మ | సోమవారం, రాత్రి 7:15

అన్నయ్యగారూ, ఈ సమయంలో అడగకూడదు గానీ, గురువారం పులిహోర తెచ్చిన పెద్ద స్టీలు డబ్బా తిరిగి రాలేదు. మూత మీద మా అత్తగారి పేరు చెక్కించి ఉంటుంది. ఆవిడ వచ్చే నెల ఇండియా నుంచి వస్తున్నారు. మీవాడిని ఒకసారి అడుగుతారా?

తెనాలి_టు_ఫ్రిస్కో | సోమవారం, రాత్రి 8:40

లేపి అడిగాను. లాకర్ రూమ్‌లో ఉందట. లైన్‌మెన్ అందులో మౌత్‌గార్డులు నానబెట్టుకుంటున్నారు.

డ్రమ్‌లైన్_అమ్మ | సోమవారం, రాత్రి 8:44

అయ్యో రామా. వాళ్లనే ఉంచుకోమనండి. మూత మాత్రం పట్రమ్మనండి.